కొత్త బ్లాక్‌లో స్విచ్ రోజూ పొద్దున్నే పోతోంది, లాగ్‌లో చూస్తే అన్నీ 1990 తేదీలే

నాగావళి_నెట్, రాయగడ
సోమవారం ఉదయం 10:52

అందరికీ నమస్కారం. ఇక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సిస్టమ్స్ నేనే చూసుకుంటాను, బిల్లింగ్ నుంచి ల్యాబ్ ప్రింటర్ దాకా అన్నీ నా మీదే. పాత బ్లాక్‌లో మెయిన్ నెట్‌వర్క్ స్విచ్ (కంప్యూటర్లన్నిటినీ వైర్లతో కలిపే డబ్బా), వెనకాల కొత్త బ్లాక్‌లో ఇంకోటి, రెండూ హెచ్‌పీ ప్రోకర్వ్, 24 పోర్టులవి. రెంటికీ మధ్య కాపర్ కేబులే, అటూ ఇటూ 24వ పోర్టు. మంచు మొదలైన దగ్గర్నుంచి కొత్త బ్లాక్‌లో పొద్దున్నే నెట్ పోతోంది. ఓపీ చీటీ కౌంటర్ అక్కడే, బిస్సం కటక్ వైపు నుంచి తొలి బస్సుకి వచ్చిన ముసలివాళ్ళు పిల్లాజెల్లతో లైన్లో నిలబడిపోతున్నారు, చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

నైట్ డ్యూటీ కుర్రాడు స్విచ్ ప్లగ్ పీకి మళ్ళీ పెడతాడు, కాసేపటికి వచ్చేస్తుంది. అందుకని స్విచ్ పోయింది కొత్తది తెప్పించండి అని మేనేజ్‌మెంట్ అంటోంది, వెండర్ కూడా కొటేషన్ పంపేశాడు. కొనేముందు ఒకసారి లాగ్, అంటే స్విచ్ తనంతట తాను రాసుకునే చిట్టా, చూద్దామని షో లాగింగ్ కొడితే ఇలా వస్తోంది:

ఐ 01/01/90 00:00:38 పోర్ట్స్: పోర్ట్ 24 ఈజ్ నౌ ఆన్‌లైన్
ఐ 01/01/90 00:01:12 పోర్ట్స్: పోర్ట్ 7 ఈజ్ నౌ ఆన్‌లైన్

అన్నీ 1990 జనవరి 1. నిన్నటిది మొన్నటిది ఒక్క లైనూ లేదు. దీంట్లోంచి ఏమైనా తెలుస్తుందంటారా?

కొరాపుట్_కాఫీ
సోమవారం 11:20

ప్లగ్ పీకితే బాగవుతోందంటే స్విచ్ లోపల పవర్ సప్లై వీకైపోయినట్టే బ్రదర్. మా దగ్గర స్కూల్లో ఇలాగే అయ్యింది, కెపాసిటర్లు ఉబ్బిపోయాయి. లాగ్‌లు చూస్తూ కూర్చోవడం కన్నా మార్చేయడమే మేలు, పేషెంట్ల పని ఆగకూడదు కదా.

మహేంద్రతనయ, పర్లాకిమిడి
సోమవారం 11:47

ఆగండి బాబూ, కొనేయకండి అప్పుడే. ఆ 1990 తేదీ కూడా ఒక ఆధారమే.

ఈ స్విచ్చుల్లో గడియారాన్ని నిలబెట్టే బ్యాటరీ లేదు. కరెంటు పోయి వస్తే 1990 జనవరి 1 అర్ధరాత్రి నుంచి లెక్క మొదలెడుతుంది, బయటి నుంచి ఎవరైనా టైమ్ చెప్పేదాకా అదే నడుస్తుంది. లాగ్ కూడా మెమరీలోనే ఉంటుంది, కరెంటు తీస్తే పోతుంది. రీలోడ్ కమాండ్ కొడితే పోదు, షో లాగింగ్ మైనస్ ఏ అంటే పాతవి కూడా చూపిస్తుంది, ప్లగ్ పీకితే మాత్రం తుడిచిపెట్టుకుపోతుంది. మీ కుర్రాడు మంచికే చేస్తున్నాడు గానీ పొద్దున్న ఏం జరిగిందో రాసిపెట్టిన కాగితాన్ని రోజూ ఆయనే చింపేస్తున్నాడన్నమాట.

ఇప్పుడు ఒక పని చెయ్యండి. షో టైమ్ కొట్టి, మీ చేతి గడియారం కూడా చూసి రెండూ ఇక్కడ పెట్టండి.

నాగావళి_నెట్
సోమవారం 11:58

గురువుగారూ, స్విచ్‌లో 01/01/90 03:31. ఇక్కడ 11:56.

మహేంద్రతనయ
సోమవారం 12:06

అంటే స్విచ్ లేచి మూడున్నర గంటలైంది, 8:25కి లేచింది. ప్లగ్ పీకింది అప్పుడేనా కనుక్కోండి. అవునంటే దానంతట అది రీస్టార్ట్ అవ్వడం లేదని అర్థం, పవర్ సప్లై మాటకి బలం తగ్గుతుంది. ప్లగ్ పీకింది ఆరింటికి, స్విచ్ లేచింది 8:25కి అని వస్తే అప్పుడు కొరాపుట్ ఆయన చెప్పిందే చూద్దాం.

ఇంకోటి, మెయిన్ స్విచ్‌ని ఎవరూ పీకలేదు కదా, దాని లాగ్ ఉంటుంది. దాంట్లో 24వ పోర్టు కథ చూడండి. షో లాగింగ్ మైనస్ ఆర్ కొడితే కొత్తవి పైకి వస్తాయి.

నాగావళి_నెట్
సోమవారం 1:15

కుర్రాడు 8:20, 8:30 మధ్యలో పీకానన్నాడు, రోజూ అదే టైమ్‌కి, కౌంటర్‌లో అమ్మాయి వచ్చి చెప్పాక. మెయిన్ స్విచ్ లాగ్ నిండా పోర్ట్ 3, పోర్ట్ 11, పోర్ట్ 15 ఆన్‌లైన్ ఆఫ్‌లైన్ అనే ఉంది, 24 కోసం వెతికితే ఈ రోజు పొద్దున్న తొమ్మిది కన్నా వెనక్కి పోవట్లేదు. అసలు ఈ ఐ అక్షరం ఉన్నవన్నీ మామూలు సమాచారమే కదా, డబ్ల్యూ, ఎమ్ లైన్లు మాత్రం చూస్తే చాలా?

బరంపురం_బావ
సోమవారం 1:40

అదే చాలామంది చేసే పని, అక్కడే అసలుది జారిపోతుంది. ప్రోకర్వ్‌లో ఐ అంటే సమాచారం, డబ్ల్యూ హెచ్చరిక, ఎమ్ అంటే పెద్ద సమస్య, డి డీబగ్. పోర్టు పడింది, లేచింది అన్న లైన్లు ఐ కిందే పడతాయి. స్విచ్‌కి ఏం తెలుసు, ఎవరో పీసీ ఆఫ్ చేశారనుకుంటుంది. మీ 24వ పోర్టు బిల్డింగ్ మొత్తానికి దారి అని దానికి తెలీదు, మీకు తెలుసు. అంచేత అక్షరం చూసి వడపోయకండి, పోర్టు నంబర్ చూసి వడపోయండి.

3, 11, 15 అంటారా, అవి పీసీలు. షట్‌డౌన్ చేసినప్పుడు చాలా పీసీల కార్డు వేగం తగ్గించుకుని మళ్ళీ లింక్ కడుతుంది, దాంతో ఒక్క మనిషి ఇంటికెళ్తే లాగ్‌లో నాలుగైదు లైన్లు. మోడల్‌ని బట్టి వెయ్యి, రెండు వేల లైన్లు పడతాయి అంతే, నిండితే పాతవి పోతాయి. అందుకే మీకు పొద్దున్న తొమ్మిది దాటి వెనక్కి కనపడట్లేదు. ఈ లాగ్ బయట ఒక మెషిన్‌కి పంపుకోవాలి. పాత డెస్క్‌టాప్ ఒకటుంటే లైనక్స్ వేసి ఆర్‌సిస్‌లాగ్ (లాగ్‌లు అందుకుని దాచే ప్రోగ్రామ్) పెట్టండి, అవి యూడీపీ 514 మీద వస్తాయి, స్విచ్‌లో లాగింగ్ అని ఆ మెషిన్ ఐపీ రాస్తే చాలు.

టైమ్ కూడా ఆ మెషినే ఇస్తుంది. దాంట్లో క్రోనీ (టైమ్ సరిచేసే ప్రోగ్రామ్) పెట్టి సమయ్1.ఎన్ఐసీ.ఇన్ అనే ప్రభుత్వ టైమ్ సర్వర్ గానీ ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) వాళ్ళ సర్వర్ గానీ చూపించండి, స్విచ్చులు ఆ మెషిన్‌ని అడుగుతాయి. సెర్ట్-ఇన్ (కేంద్రం సైబర్ భద్రతా సంస్థ) వాళ్ళు 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో కూడా ఇదే ఉంది, గడియారాలు ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్‌తో కలపాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి అని. సంస్థలన్నిటికీ అది వర్తిస్తుంది, మీ మేనేజ్‌మెంట్‌కి ఆ మాట చెప్తే పాత డెస్క్‌టాప్ అడగడం సులువవుతుంది.

కొరాపుట్_కాఫీ
సోమవారం 2:05

8:25 లెక్క సరిపోయిందంటే నేనన్న పవర్ సప్లై కాదు. అయితే లూప్, అంటే డేటా తిరిగిన చోటే తిరుగుతూ ఉండడం, అయ్యుంటుందా? నర్సింగ్ స్టేషన్‌లో ఎవరైనా చిన్న డబ్బా స్విచ్ పెట్టి రెండు వైర్లు గోడకే గుచ్చితే?

మహేంద్రతనయ
సోమవారం 2:31

లూప్ మంచి అనుమానం. ప్రోకర్వ్‌లో లూప్‌ని ఆపే స్పానింగ్ ట్రీ కొన్నప్పుడు ఆఫ్‌లోనే ఉంటుంది, మనం ఆన్ చేస్తేనే పని చేస్తుంది, కాబట్టి లూప్ పడితే ఆపేవాడుండడు. అయితే లూప్ అయితే ఎఫ్‌ఎఫ్‌ఐ అని మొదలయ్యే లైన్లో ఎక్సెసివ్ బ్రాడ్‌కాస్ట్స్ అని వస్తుంది, పోర్టుల లైట్లన్నీ ఒకేసారి పిచ్చిగా కొట్టుకుంటాయి, పాత బ్లాక్ కూడా పడుకుంటుంది. వీళ్ళకి కొత్త బ్లాక్ ఒక్కటే పోతోంది. ఊహలొద్దు, రేపు పొద్దున్న ప్లగ్ పీకకుండా ఆపండి, లాగ్ చూద్దాం.

నాగావళి_నెట్
సోమవారం రాత్రి 8:44

స్విచ్ ర్యాక్ మీద ఒడియాలోనూ తెలుగులోనూ రాసి అంటించేశాను, ప్లగ్ ముట్టుకోవద్దు, నాకు ఫోన్ చేయండి అని. కుర్రాడికి కూర్చోబెట్టి చెప్పాను, "ఆజ్ఞా (ఒడియాలో సార్ అన్నట్టు), పొద్దున్న పేషెంట్లు నన్ను తిడతారు" అన్నాడు పాపం. పొద్దున్న నేనే వచ్చి ఉంటానన్నాను. చేతిరాత చీటీల పుస్తకం కౌంటర్‌లో పెట్టించాను, లైన్ ఆగకూడదని. డెస్క్‌టాప్ దొరికింది, లాగ్ పంపడం, టైమ్ రెండూ పెట్టేశాను.

నాగావళి_నెట్
మంగళవారం ఉదయం 9:35

దొరికింది! మెయిన్ స్విచ్ లాగ్ ఇది, డెస్క్‌టాప్‌కి కూడా వచ్చింది:

ఐ 22:41:07 పోర్ట్స్: పోర్ట్ 24 ఈజ్ నౌ ఆఫ్‌లైన్
ఐ 22:41:10 పోర్ట్స్: పోర్ట్ 24 ఈజ్ నౌ ఆన్‌లైన్
డబ్ల్యూ 23:05:52 ఎఫ్‌ఎఫ్‌ఐ: పోర్ట్ 24-ఎక్సెసివ్ సీఆర్‌సీ/అలైన్‌మెంట్ ఎర్రర్స్
ఐ 23:06:30 పోర్ట్స్: పోర్ట్ 24 ఈజ్ నౌ ఆఫ్‌లైన్

ఇలా పడుతూ లేస్తూ 02:48 దాకా ఉంది, తర్వాత ఒక్క లైనూ లేదు. ఇంతకీ ఈ రోజు ప్లగ్ ఎవరూ ముట్టుకోలేదు, 8:20కి దానంతట అదే బాగైపోయింది! కొత్త బ్లాక్ స్విచ్ లాగ్ మాత్రం డెస్క్‌టాప్‌కి సగమే వచ్చింది, ఎందుకో అర్థం కాలేదు.

కానీ లాగ్‌లో రాత్రి పదకొండుకి మొదలై మూడింటికి ఆగింది, మాకు నెట్ పోయేది పొద్దున్న. రాత్రి ఏదైనా జనరేటర్ ఆన్ అవుతోందా అని ఎలక్ట్రీషియన్‌ని అడుగుతున్నాను.

కొరాపుట్_కాఫీ
మంగళవారం 9:50

రాత్రి పదకొండంటే ఏసీలు, లిఫ్ట్ వైపు చూడండి. కేబుల్ పవర్ లైన్ పక్కనే పోతోందేమో.

మహేంద్రతనయ
మంగళవారం 10:02

ఎలక్ట్రీషియన్‌ని వదిలేయండి పాపం. షో రన్నింగ్ కొట్టి టైమ్ టైమ్‌జోన్ అనే లైను ఉందో లేదో చూడండి. లేకపోతే స్విచ్ గ్రీన్‌విచ్ టైమ్‌లో రాస్తోంది. మనది దానికన్నా ఐదున్నర గంటలు ముందు. 22:41కి ఐదున్నర కలిపితే తెల్లవారి 4:11. 02:48కి కలిపితే 8:18. మీరు 8:20కి బాగైందన్నారు కదా, అదే ఇది.

టైమ్ టైమ్‌జోన్ 330 అని పెట్టండి, నిమిషాల్లో అడుగుతుంది అది.

నాగావళి_నెట్
మంగళవారం 10:09

లైన్ లేదు, సున్నాలో ఉంది. 330 పెట్టాను. ఇప్పుడు సరిగ్గా వస్తోంది.

బరంపురం_బావ
మంగళవారం 10:30

భలే. అయితే తెల్లవారుజాము నాలుగు నుంచి ఎండ ఎక్కేదాకా. ఆ టైమ్‌లో ఉండేదేంటి? మంచు. ఆ రెండు బ్లాకుల మధ్య కేబుల్ బయటి నుంచి పోతోందా?

సగం లాగ్ సంగతి చెప్తాను. కొత్త బ్లాక్ స్విచ్ తన లాగ్ మీ డెస్క్‌టాప్‌కి పంపాలంటే ఆ 24వ పోర్టు మీదుగానే రావాలి కదా, అదే పడిపోయి ఉంటే ఎలా వస్తుంది? యూడీపీలో అందిందా లేదా అని అడగడం, మళ్ళీ పంపడం ఉండవు, పోయింది పోయిందే. లింక్ పోయిన క్షణాల లైన్లు ఆ స్విచ్‌లోకి వెళ్ళి నేరుగా చూస్తేనే కనిపిస్తాయి. అందుకే లింక్ గొడవల్లో రెండు కొసల లాగ్‌లూ పక్కపక్కన పెట్టి చదవాలి.

వంశధార_వైర్లు, గుణుపురం
మంగళవారం 12:18

మాది కేబులింగ్ పనే, అందుకని చెప్తున్నాను. సీఆర్‌సీ అని వచ్చిందంటే నూటికి తొంభై మంది స్విచ్‌నే తిడతారు, కానీ దారిలో ఫ్రేమ్ (డేటా ముక్క) పాడయ్యి వచ్చిందని స్విచ్ చెప్తోంది, అంతే. కేబులో, కొనకి కొట్టిన కనెక్టరో, లేకపోతే రెండు వైపులా డ్యూప్లెక్స్ (పంపడం, అందుకోవడం ఒకేసారా, ఒకదాని తర్వాత ఒకటా అన్న సెట్టింగ్) కలవకపోవడమో. షో ఇంటర్‌ఫేసెస్ 24 కొట్టి రెండు వైపులా అంకెలు చూడండి. ఎఫ్‌సీఎస్ (పాడైన ఫ్రేముల లెక్క) పెరుగుతూ లేట్ కొలిజన్స్ (ఆలస్యంగా ఢీకొన్న ఫ్రేముల లెక్క) సున్నా ఉంటే వైరు. ఒక కొసలో లేట్ కొలిజన్స్, రెండో కొసలో ఎఫ్‌సీఎస్ పెరుగుతుంటే డ్యూప్లెక్స్. చూసే ముందు క్లియర్ స్టాటిస్టిక్స్ చేసుకోండి, లేకపోతే ఎప్పటివో పాత అంకెలు చూసి తికమక పడతాం.

డాబా మీద నుంచి పోయిన కేబుల్ అయితే జాయింటర్ వెతకండి. డబ్బాలో పెట్టి టేప్ చుట్టేసి ఉంటారు. ఈ మధ్య దొరికే చవక కేబుల్ లోపల అల్యూమినియం, పైన రాగి పూత, తడి తగిలితే త్వరగా తినేస్తుంది.

నాగావళి_నెట్
మంగళవారం సాయంత్రం 5:26

రెండు వైపులా లేట్ కొలిజన్స్ సున్నా. ఎఫ్‌సీఎస్ పొద్దున్నది వేలల్లో ఉంది, క్లియర్ చేశాక మధ్యాహ్నమంతా సున్నానే.

డాబా ఎక్కాం, నేనూ ఎలక్ట్రీషియనూ. పిట్టగోడ పక్కన, నీళ్ళ ట్యాంక్ నీడలో ప్లాస్టిక్ డబ్బా. మూత విప్పితే లోపల జాయింటర్, రెండు ఆర్‌జే45 కనెక్టర్లు అటూ ఇటూ. డబ్బా అడుగున ఇంకా చెమ్మ ఉంది. ఒక కనెక్టర్ పీకి చూస్తే బంగారు రంగులో ఉండాల్సిన పిన్నుల్లో మూడింటికి పచ్చగా చిలుము పట్టింది, నాలుగోది సగం తినేసింది, గోరుతో గీస్తే రాలిపోతోంది. ఎండ అక్కడికి ఎనిమిది దాటాకే వస్తుందట, ట్యాంక్ అడ్డం కదా. ఆ టైమ్‌కి చెమ్మ ఆరుతుంది, అదే టైమ్‌కి కుర్రాడు ప్లగ్ పీకుతాడు, స్విచ్ లేచేసరికి నెట్ ఉంటుంది. అందుకే ఇన్నాళ్ళూ అందరూ స్విచ్‌దే తప్పనుకున్నాం.

ప్రస్తుతానికి జాయింటర్ తీసేసి లోపల నుంచి ఒకే ముక్క కేబుల్ లాగాం. కొటేషన్ పక్కన పెట్టించాను.

కొరాపుట్_కాఫీ
మంగళవారం 5:48

ఎంత డబ్బు మిగిలింది! కొత్త స్విచ్ పెట్టినా రేపు పొద్దున్న మళ్ళీ ఇదే జరిగేది. మా స్కూల్లో కూడా లాగ్ బయటికి పంపే ఏర్పాటు ఈ వారంలోనే చేయిస్తాను.

వంశధార_వైర్లు
మంగళవారం 7:10

సంతోషం తమ్ముడూ. ఒక్కటి, వేసవి లోపల రెండు బ్లాకుల మధ్య ఫైబర్ వేయించేయండి. మన వైపు పిడుగులు ఎలా పడతాయో తెలిసిందే, బిల్డింగ్ బిల్డింగ్‌కీ ఎర్త్ వేరు, కాపర్ కేబుల్ అయితే ఆ దెబ్బ నేరుగా స్విచ్ పోర్టులోకి దిగుతుంది, రెండు వైపులా పోతాయి. ఫైబర్‌లో కరెంటు పారదు, ఆ భయం లేదు. వంద మీటర్ల హద్దు కూడా ఉండదు.

నాగావళి_నెట్
గురువారం ఉదయం 9:02

నిన్నా ఈ రోజూ మంచు బాగా పట్టింది, ఎదురుగా కొండ కూడా కనపడలేదు. 24వ పోర్టు లాగ్‌లో ఒక్క లైను లేదు, ఎఫ్‌సీఎస్ సున్నా. ఓపీ ఎనిమిదికి మొదలైంది. అందరికీ చాలా థాంక్స్. ఫైబర్‌కి ఎస్టిమేట్ అడిగాను.

ప్రాణహిత_గట్టు, సిరోంచ
గురువారం 11:40

అన్నా, ఈ ముచ్చట మొత్తం చదివిన, మస్తు పనికొచ్చింది. మా దగ్గర కాలేజీల సిస్కో స్విచ్చులున్నయ్. లాగ్‌ల టైమ్ ముందట స్టార్ గుర్తు వస్తది, *మార్చి 1 అని. గదేంది? ల్యాబ్‌కు పోయే లింక్ మస్తు స్లో, పడిపోదు గని పెద్ద ఫైల్ కాపీ చేస్తే గంటలు పడుతది.

మహేంద్రతనయ
గురువారం 12:15

అదీ ఇదే కథ తమ్ముడూ. సిస్కోలో బ్యాటరీ గడియారం లేని స్విచ్చులు 1993 మార్చి 1 నుంచి మొదలెడతాయి. ముందు స్టార్ ఉంటే ఆ టైమ్ నమ్మొద్దని, చుక్క (.) ఉంటే ఒకప్పుడు కలిసింది గానీ ఇప్పుడు ఎన్‌టీపీతో (నెట్ మీద టైమ్ అందించే పద్ధతి) సంబంధం తెగిందని. ఎన్‌టీపీ పెట్టి, క్లాక్ టైమ్‌జోన్ ఐఎస్‌టీ 5 30 అనండి, సర్వీస్ టైమ్‌స్టాంప్స్ లాగ్ డేట్‌టైమ్ లోకల్‌టైమ్ కూడా కొట్టండి. లాగ్ దాచుకునే బఫర్ చాలా మోడళ్ళలో 4096 బైట్లే ఉంటుంది, యాభై లైన్లు కూడా పట్టవు, లాగింగ్ బఫర్డ్ 64000 చేసుకోండి.

లైన్ చదవడం తేలిక. మధ్యలో అంకె ఉంటుంది కదా, 0 నుంచి 7, చిన్నదైతే పెద్ద ప్రమాదం. లింక్-3-అప్‌డౌన్ అంటే తీగ పడింది లేచింది, సిస్-5-కాన్ఫిగ్ అంటే ఎవరో సెట్టింగ్ మార్చారు. ఏదైనా చెడిపోయిన రోజున దానికి ముందు గంటలో ఆ సిస్-5 లైను ఉందా అని తప్పకుండా చూస్తాను నేను. మీ లాగ్‌లో ల్యాబ్ లింక్ పోర్టు పేరుతో ఏం వస్తోంది?

ప్రాణహిత_గట్టు
గురువారం 3:33

సీడీపీ-4-డ్యూప్లెక్స్_మిస్‌మ్యాచ్ అని నిమిషానికొకటి వస్తున్నది, గిగాబిట్ 0/1 మీద. నేను నాలుగు నంబర్‌ది అని ఇడిసిపెట్టిన.

వంశధార_వైర్లు
గురువారం 3:50

అదే మీ స్లోకి కారణం. ఒక కొసలో ఎవరో స్పీడ్ 100, ఫుల్ డ్యూప్లెక్స్ అని చేత్తో కట్టేశారు, రెండో కొస ఆటోలో ఉంది. ఆటోలో ఉన్నదానికి అవతల నుంచి జవాబు రాదు, అందుకని స్పీడ్ కనిపెట్టి డ్యూప్లెక్స్ మాత్రం హాఫ్ పెట్టేసుకుంటుంది. ఒకడు మాట్లాడుతుంటే రెండోవాడు అడ్డొస్తాడు, లింక్ పడిపోదు గానీ బరువు పడితే నత్తనడకే. రెండు కొసల్లోనూ స్పీడ్ ఆటో, డ్యూప్లెక్స్ ఆటో చేసి, కౌంటర్లు క్లియర్ చేసి చూడండి.

ప్రాణహిత_గట్టు
గురువారం 5:05

ల్యాబ్ దిక్కు స్విచ్‌ల 100 ఫుల్ అనే ఉన్నది. రెండు దిక్కుల ఆటో చేసిన, గిగాబిట్‌కు ఎక్కింది, ఆ మెసేజ్ బంద్ అయ్యింది. పొద్దుగాల పోరగాండ్లు యాభై మెషిన్లకు సాఫ్ట్‌వేర్ ఎక్కించేది ఉండె, ఇప్పుడే మొదలుపెట్టించిన.